డిటెక్టర్ సిమ్యులేషన్‌లో అక్షాలు, భ్రమణాలు సరిగ్గా ఉన్నాయో లేదో ఎలా చూసుకోవాలి

కణాలు పదార్థంలోంచి ఎలా పోతాయో లెక్కగట్టే జియాంట్4 సాఫ్ట్‌వేర్‌లో డిటెక్టర్ కట్టాక ప్రోగ్రామ్ ఆగకుండా నడిచిందంటే, ఒక ఘనం ఇంకో ఘనంలోకి చొచ్చుకుపోలేదంటే, జామెట్రీ పని అయిపోయిందనుకుంటాం. నిరూపకాల తప్పులు ఈ రెండు పరీక్షలనూ సులువుగా దాటేస్తాయి. ప్లేట్ ఉండాల్సిన చోటే ఉంటుంది, బరువు సరిపోతుంది, బొమ్మ బాగుంటుంది. కానీ ప్లేట్‌లోని పట్టీల, అంటే స్ట్రిప్‌ల, వరస తిరగబడి ఉంటుంది. ఆ సంగతి నెలల తర్వాత, అసలు డేటాతో పోల్చినప్పుడు బయటపడుతుంది. అప్పుడు వెనక్కి వెళ్లి వెతకడం చాలా కష్టం. అందుకే జామెట్రీ రాసిన రోజే, ఫిజిక్స్ మొదలుపెట్టకముందే, కింది పరీక్షలు చేసేయండి.

ఉదాహరణకు హన్మకొండలోనో కాజీపేటలోనో కాలేజీ బిల్డింగ్ పైన పెట్టుకోదగ్గ చిన్న మ్యుయాన్ టెలిస్కోప్‌ను, అంటే కాస్మిక్ కిరణాల వల్ల పుట్టి పైనుంచి పడే మ్యుయాన్ కణాలను పట్టే పరికరాన్ని, తీసుకుందాం. అందులో రెండు మాడ్యూళ్లు. ఒక్కో మాడ్యూల్‌లో ఒకదాని మీద ఒకటిగా రెండు ప్లాస్టిక్ సింటిలేటర్ (కణం దాటితే మెరిసే పదార్థం) ప్లేట్లు. ఒక్కో ప్లేట్ 200 × 200 × 10 మి.మీ. దాంట్లో 20 మి.మీ. వెడల్పున్న స్ట్రిప్‌లు 10, వాటికి 0 నుంచి 9 వరకు నంబర్లు. పై ప్లేట్ ఎక్స్‌ను కొలుస్తుంది. కింది ప్లేట్ అచ్చం అలాంటిదే, కాకపోతే 90° తిప్పి పెట్టాం కాబట్టి వైని కొలుస్తుంది. రెండు ప్లేట్ల మధ్య సందు 2 మి.మీ. అంటే మాడ్యూల్ నడిమి నుంచి చూస్తే ప్లేట్ల మధ్యతలాలు జెడ్ = +6, −6 దగ్గర ఉంటాయి. మాడ్యూళ్లు జెడ్ = +150, −150 దగ్గర.

1. ముందు కాగితం

కోడ్ తెరవకముందే మూలబిందువు ఎక్కడో, ఎక్స్, వై, జెడ్‌లు ఎటు చూస్తున్నాయో రాసిపెట్టండి. మన ఉదాహరణలో ఎక్స్ తూర్పుకు, వై ఉత్తరానికి, జెడ్ పైకి; మూలబిందువు రెండు మాడ్యూళ్లకు సరిగ్గా నడుమ. కుడిచేతి వేళ్లను తూర్పు నుంచి ఉత్తరం వైపు ముడిస్తే బొటనవేలు పైకి చూపిస్తుంది, కాబట్టి ఇది కుడిచేతి వ్యవస్థే. మీది కూడా ఇలా చేత్తో ఒకసారి చూసుకోండి.

ఎవరి కోడైనా తెచ్చి వాడుకుంటున్నప్పుడు ఈ కాగితం విలువ తెలుస్తుంది. ఒక్కో ప్రయోగానిది ఒక్కో సంప్రదాయం. సెర్న్‌లోని సీఎంఎస్, అట్లాస్ డిటెక్టర్లలో ఎక్స్ అక్షం ఎల్‌హెచ్‌సీ యాక్సిలరేటర్ వలయం కేంద్రం వైపు, వై పైకి, జెడ్ పుంజం వెంట ఉంటాయి. మన భారత న్యూట్రినో అబ్జర్వేటరీ కోసం రూపొందించిన ఐకాల్ డిటెక్టర్‌లో 56 మి.మీ. మందమున్న ఇనుప పలకలు అడ్డంగా ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి కాబట్టి అక్కడ జెడ్ నిలువు అక్షం. కాస్మిక్ కిరణ జల్లులను తయారుచేసే కోర్సికా ప్రోగ్రామ్‌లో ఎక్స్ అయస్కాంత ఉత్తరానికి, వై పడమరకు, జెడ్ పైకి. మూడూ కుడిచేతి వ్యవస్థలే, మూడింట్లోనూ అక్షరాలు అవే, దిక్కులే వేరు.

వై పైకి ఉన్న కోడ్‌ను జెడ్ పైకి ఉన్న మీ కోడ్‌లోకి తెచ్చుకునేటప్పుడు చాలామంది వై, జెడ్‌లను అటూ ఇటూ మార్చి ఊరుకుంటారు. అది భ్రమణం కాదు, ప్రతిబింబం. మాత్రిక నిర్ధారకం −1 అవుతుంది, వ్యవస్థ ఎడమచేతిదైపోతుంది, అయస్కాంత క్షేత్రంలో ధన కణం రుణ కణంలా వంగుతుంది. సరైన మార్పిడి ఇది: కొత్త ఎక్స్ = పాత ఎక్స్; కొత్త వై = −(పాత జెడ్); కొత్త జెడ్ = పాత వై. దీని నిర్ధారకం +1.

2. యూనిట్లు, సగం కొలతలు

జియాంట్4 లోపల పొడవు మి.మీ.లో, కోణం రేడియన్లలో, కాలం నానోసెకండ్లలో, శక్తి ఎంఈవీలో ఉంటుంది. యూనిట్‌తో గుణించడం మరిచిపోయి ఉత్త 30 అని రాస్తే అది 30 రేడియన్లు. నాలుగు పూర్తి చుట్లు తీసేస్తే 278.9° దగ్గర ఆగుతుంది. బొమ్మలో ప్లేట్ అర్థంలేని కోణంలో వాలి కనిపిస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే.

పెట్టె ఆకారమైన జీ4బాక్స్‌కు ఇవ్వాల్సినవి సగం కొలతలు, అంటే నడిమి నుంచి అంచుకు దూరాలు. మన ప్లేట్‌కు 100, 100, 5 ఇవ్వాలి. గొట్టం ఆకారమైన జీ4ట్యూబ్స్‌లో జెడ్ కూడా సగమే, వ్యాసార్థాలు మాత్రం మామూలుగానే. జీ4పాలీకోన్‌లో సగం సంగతే లేదు, జెడ్ తలాల అసలు స్థానాలు ఇవ్వాలి. జీ4పాలీహెడ్రాకు జెడ్ తలాలతో వ్యాసార్థాలు ఇస్తే అవి కేంద్రం నుంచి చదునైన ముఖానికి దూరాలు, మూలకు కాదు. జీ4టీఆర్‌డీలో మొదటి కొలత −జెడ్ కొసది, రెండోది +జెడ్ కొసది; ఇవి తారుమారైతే ఎండ్‌క్యాప్ (డిటెక్టర్ కొసన మూతలా ఉండే భాగం) మొత్తం తలకిందులవుతుంది.

ఇదే జామెట్రీని జీడీఎంఎల్ (జామెట్రీని వర్ణించే టెక్స్ట్ ఫార్మాట్) ఫైల్‌లో రాస్తే అక్కడ బాక్స్‌కు పూర్తి కొలతలు, ట్యూబ్‌కు పూర్తి జెడ్ ఇవ్వాలి. రూట్ అనే డేటా విశ్లేషణ సాఫ్ట్‌వేర్‌లోని టీజియో బాక్స్ మళ్లీ సగం కొలతలే అడుగుతుంది, కానీ మామూలుగా సెంటీమీటర్లలో. రూట్‌లో రాసిన 10ని అలాగే జియాంట్4లోకి తెస్తే ప్లేట్ పదోవంతుకు చిక్కిపోతుంది.

వీటన్నిటినీ ఒక్క దెబ్బకు పట్టేది బరువు. పాలీవినైల్‌టొలుయీన్ సింటిలేటర్ సాంద్రత 1.032 గ్రా./ఘ.సెం.మీ. మన ప్లేట్ ఘనపరిమాణం 400 ఘ.సెం.మీ., కాబట్టి బరువు 412.8 గ్రా. ఆకారం, పదార్థం కలిపి చెప్పే లాజికల్ వాల్యూమ్‌లో గెట్‌మాస్ పిలిచి, వచ్చింది గ్రాముల్లోకి మార్చి ప్రింట్ చేయండి. 3302 గ్రా. వస్తే మూడు వైపులా సగానికి బదులు పూర్తి కొలత ఇచ్చారు, అందుకే 8 రెట్లైంది. రెండింతలైతే ఒక వైపే తప్పింది. వెయ్యోవంతుకు పడిపోతే సెం.మీ., మి.మీ. కలగలిశాయి.

3. భ్రమణం: వస్తువు తిరిగిందా, అక్షాలు తిరిగాయా

ఎక్కువ తప్పులు ఇక్కడే, కాబట్టి ఇక్కడ తొందర పడొద్దు.

వాల్యూమ్‌ను దాని చోట పెట్టే జీ4పీవీప్లేస్‌మెంట్‌కు రెండు రకాల కన్‌స్ట్రక్టర్లు (సృష్టించే పద్ధతులు) ఉన్నాయి. మొదటి రకంలో భ్రమణ మాత్రిక పాయింటర్‌ను, స్థానాన్ని విడివిడిగా ఇస్తాం. అక్కడ మీరిచ్చే మాత్రిక వస్తువును తిప్పదు, అక్షాలను తిప్పుతుంది. దాంతో తల్లి వాల్యూమ్ (బయటిది) నుంచి చూస్తే పిల్ల వాల్యూమ్ (దాని లోపల పెట్టింది) వ్యతిరేక దిశలో తిరిగి కనిపిస్తుంది. రెండో రకంలో జీ4ట్రాన్స్‌ఫార్మ్3డీ అని ఒకే వస్తువుగా ఇస్తాం. అక్కడ మీరనుకున్న కోణంలో వస్తువే తిరుగుతుంది. స్థానం మాత్రం రెండింట్లోనూ తల్లి అక్షాల్లోనే. రెండు ఘనాలను కలిపే, ఒకదాంట్లోంచి ఒకటి తీసేసే బూలియన్ సాలిడ్లకూ ఇదే తేడా వర్తిస్తుంది. వాటిలో ఇంకో సంగతి: ఫలిత ఘనం మూలబిందువు మొదటి ఘనానిదే, కొత్త ఆకారం నడిమి కాదు.

అంకెలతో చూద్దాం. స్ట్రిప్ 9 నడిమి ప్లేట్ సొంత నిరూపకాల్లో (90, 0, 0). జెడ్ చుట్టూ 30° తిప్పాలనుకున్నాం. వస్తువే తిరిగితే ఆ బిందువు (77.9, 45, 0)కు వెళ్తుంది. అక్షాలు తిరిగితే (77.9, −45, 0)కు. వై గుర్తు చూస్తే చాలు.

ఇప్పుడు మన కింది ప్లేట్ సంగతి. 90° తిప్పాం. వస్తువే తిరిగితే స్ట్రిప్ 9 ఉత్తరం కొసకు, (0, 90) దగ్గరికి పోతుంది. అక్షాలు తిరిగితే దక్షిణం కొసకు, (0, −90) దగ్గరికి. రెండు సందర్భాల్లోనూ ప్లేట్ ఆక్రమించే చోటు ఒక్కటే. బొమ్మ ఒక్కటే, బరువు ఒక్కటే, ఓవర్‌ల్యాప్ పరీక్ష (ఘనాలు ఒకదాంట్లోకి ఒకటి చొచ్చుకుపోయాయేమో చూసేది) ఫలితం ఒక్కటే. ఖిలా వరంగల్‌లో నడిమి ప్రాంగణంలో నిలబడి నాలుగు వైపులా ఉన్న కీర్తి తోరణాలను చూసినట్టే ఇది: నాలుగూ ఒకే తీరుగా ఉంటాయి, తోరణాన్ని చూసి అది తూర్పుదో పడమరదో చెప్పలేం, వేరే గుర్తేదో కావాలి. సౌష్ఠవం ఎక్కువున్న డిటెక్టర్‌లో తప్పు దాక్కోవడానికి చోటు ఎక్కువ. పైగా ఉత్తరం, దక్షిణం వైపుల నుంచి వచ్చే మ్యుయాన్ల సంఖ్యల్లో పెద్ద తేడా ఉండదు కాబట్టి, స్ట్రిప్‌ల హిస్టోగ్రామ్ కూడా మామూలుగానే కనిపిస్తుంది.

ఆ వేరే గుర్తును మీరే పెట్టాలి. పరీక్ష కోసం ప్రతి ప్లేట్‌లో స్ట్రిప్ 9 కొసన, సొంత నిరూపకాల్లో (95, 80, 0) దగ్గర, 6 మి.మీ. ఘనాకారపు చిన్న గుర్తును వేరే రంగుతో పెట్టండి. ఎక్స్, వై రెండింట్లోనూ పక్కకు ఉండటం, రెండు దూరాలూ వేరువేరుగా ఉండటం ముఖ్యం. (80, 80) దగ్గర పెడితే ఎక్స్, వై తారుమారైనా గుర్తు కదలదు. దృశ్యానికి అక్షాలను కూడా జోడించండి. జియాంట్4 వాటిని ఎక్స్ ఎరుపు, వై ఆకుపచ్చ, జెడ్ నీలంలో గీస్తుంది. కింది ప్లేట్‌లో ఈ గుర్తు (−80, 95) దగ్గర కనిపించాలి. (80, −95) దగ్గర ఉంటే మాత్రిక తిరగబడింది. పరీక్షలు అయ్యాక ఈ గుర్తులు తీసేయండి, ఉంచితే స్ట్రిప్‌లో శక్తి లెక్క తప్పుతుంది.

రెండు మూడు భ్రమణాలు కలిసినప్పుడు ఇంకో ఇబ్బంది. రొటేట్‌ఎక్స్, తర్వాత రొటేట్‌వై పిలిస్తే ముందు ఎక్స్ చుట్టూ, తర్వాత కదలని తల్లి వై అక్షం చుట్టూ తిరుగుతుంది. కొత్త భ్రమణం మాత్రికకు ఎడమ పక్కన చేరుతుంది. (0, 0, 1) బిందువును ఎక్స్ చుట్టూ 90°, ఆపై వై చుట్టూ 90° తిప్పితే (0, −1, 0) వస్తుంది. వరస మారిస్తే (1, 0, 0) వస్తుంది. కాబట్టి "మాత్రిక తిరగబడింది, కోణాల గుర్తులు మార్చేస్తే సరి" అనుకోవద్దు. విలోమంలో గుర్తులతో పాటు వరస కూడా తిరగబడాలి. చేత్తో మార్చకుండా ఇన్వర్స్ ఫంక్షన్ పిలవండి. ఒకే అక్షం చుట్టూ తిప్పిన ప్లేట్‌లో పనిచేసిన చిట్కా, వాలుగా పెట్టిన ప్లేట్ దగ్గర చెడిపోయేది ఇందుకే.

పాయింటర్ రకం కన్‌స్ట్రక్టర్ వాడితే ఆ మాత్రికను న్యూతో సృష్టించి అలాగే ఉంచాలి. జియాంట్4 దాన్ని కాపీ చేసుకోదు. ఫంక్షన్ లోపలి లోకల్ వేరియబుల్ చిరునామా ఇస్తే ఫంక్షన్ ముగిశాక అక్కడ చెత్త మిగులుతుంది. లూప్‌లో ఒకే మాత్రికను మారుస్తూ వాడుకుంటే అన్ని ప్లేట్లూ చివరి కోణంలోనే ఉంటాయి. ట్రాన్స్‌ఫార్మ్3డీకి ఈ గొడవ లేదు. కొత్తగా రాసే కోడ్‌కు అదే మంచిదని మా సలహా. ప్రాజెక్టు అంతటా ఒకే రకం వాడండి.

4. లెక్కతో రుజువు

బొమ్మ చూసి తృప్తి పడకుండా అంకెలు ప్రింట్ చేయండి. ఫిజికల్ వాల్యూమ్‌లో గెట్‌ఆబ్జెక్ట్‌రొటేషన్‌వాల్యూ ఇచ్చేది వస్తువు తిరిగిన మాత్రిక. గెట్‌రొటేషన్, గెట్‌ఫ్రేమ్‌రొటేషన్ ఇచ్చేది అక్షాల మాత్రిక. రెండూ ఒకదానికొకటి విలోమాలు. వీటిని కలగాపులగం చేస్తే సరైన జామెట్రీ కూడా తప్పుగా కనిపిస్తుంది.

వాల్యూమ్ లోపల వాల్యూమ్ ఉన్నప్పుడు మొత్తం మార్పిడి టచబుల్ (కణం ఉన్న వాల్యూమ్‌కు పూర్తి చిరునామా లాంటిది) దగ్గర దొరుకుతుంది. స్టెప్ (కణం వేసే ఒక్కో అడుగు) మొదటి బిందువు, అంటే ప్రీస్టెప్ పాయింట్, దగ్గరి టచబుల్ తీసుకుని, దాని హిస్టరీలోని టాప్ ట్రాన్స్‌ఫార్మ్‌ను పిలవండి. అది ప్రపంచ నిరూపకాల నుంచి సొంత నిరూపకాలకు మారుస్తుంది. వెనక్కి రావాలంటే దాని విలోమం. పోస్ట్‌స్టెప్ పాయింట్ టచబుల్ వాడొద్దు. స్టెప్ సరిహద్దు దగ్గర ఆగితే ఆ బిందువు అప్పటికే పక్క వాల్యూమ్‌ది అయిపోయి ఉంటుంది, సొంత నిరూపకాలు పక్క స్ట్రిప్‌వి వస్తాయి.

మన పై మాడ్యూల్ వై ప్లేట్‌లో (90, 0, 0)ను ప్రపంచ నిరూపకాలకు మారిస్తే (0, 90, 144) రావాలి. కింది మాడ్యూల్‌లో (0, 90, −156). ఈ రెంటితో పాటు ఎక్స్ ప్లేట్లవి కూడా ముందే కాగితం మీద వేసుకుని, ఆ తర్వాతే ప్రోగ్రామ్ నడపండి. ముందు ప్రోగ్రామ్ ఇచ్చింది చూసి తర్వాత కాగితం మీద లెక్క వేస్తే, తప్పు అంకెకు కూడా కారణం దొరికిపోతుంది.

స్ట్రిప్‌లను, ప్లేట్‌ను సమాన ముక్కలు చేసే జీ4పీవీరెప్లికాతో కోసి ఉంటే కాపీ నంబర్ 0 రుణ కొసన ఉంటుంది. మన ప్లేట్‌లో దాని నడిమి −90, తర్వాతిది −70, అలా +90 వరకు. ఎలక్ట్రానిక్స్ వైపు కేబుళ్లు ఏ కొస నుంచి నంబర్లు వేశాయో ఇప్పుడే చూసి, తేడా ఉంటే ఒకే ఒక్క చోట, మ్యాపింగ్ పట్టికలో, మార్చండి. జామెట్రీని తిప్పి సర్దొద్దు.

5. జియాంటినో పంపి చూడటం

జియాంటినో దేనితోనూ తాకిడి లేని ఊహా కణం, నేరుగా దూసుకుపోతుంది. జామెట్రీ పరీక్షకు దీన్ని మించింది లేదు. కణాలను వదిలే పార్టికల్ గన్‌ను (35, 70, 400) దగ్గర పెట్టి, దిశ (0, 0, −1) ఇవ్వండి. ట్రాకింగ్ వెర్బోస్ 1 పెడితే ఏ వాల్యూమ్‌లోకి ఎక్కడ ప్రవేశించిందో వరసగా అచ్చవుతుంది. వరల్డ్ వాల్యూమ్ జెడ్‌లో 400 దాటి ఉండాలి, లేదంటే కణం బయటే పుడుతుంది.

ఒక జాగ్రత్త: జియాంటినో శక్తి వదలదు. కణం తగిలిన చోట్లను హిట్లుగా నమోదు చేసే మీ సెన్సిటివ్ డిటెక్టర్ కోడ్ శక్తి సున్నా ఉన్న స్టెప్‌లను వదిలేస్తుంటే హిట్లు ఒక్కటీ రావు, జామెట్రీ చెడిందేమోనని కంగారుపడతారు. పరీక్షప్పుడు ఆ షరతు తీసేయండి, లేదా స్టెప్పింగ్ యాక్షన్‌లో కాపీ నంబర్ ప్రింట్ చేయండి.

ఈ కణానికి ఎక్స్ ప్లేట్‌లో స్ట్రిప్ 6, వై ప్లేట్‌లో స్ట్రిప్ 8 రావాలి. లెక్క ఇది: (35 + 100)ను 20తో భాగిస్తే 6.75, పూర్ణాంకం 6. (70 + 100)ను 20తో భాగిస్తే 8.5, పూర్ణాంకం 8. ఈ అంకెలు ఎంచుకోవడానికి కారణముంది, తప్పు జవాబు వస్తే అది ఏ తప్పో ఆ జవాబే చెబుతుంది. 6, 1 వస్తే వై ప్లేట్ భ్రమణం తిరగబడింది. 3, 8 వస్తే ఎక్స్ వరస తిరగబడింది. 3, 1 వస్తే మాడ్యూల్ మొత్తం జెడ్ చుట్టూ 180° తిరిగింది. 8, 6 వస్తే ప్లేట్ల పేర్లు తారుమారయ్యాయి. గన్‌ను (0, 0, 400) దగ్గర పెట్టేవాళ్లు ఎక్కువ. అక్కడ కణం సరిగ్గా స్ట్రిప్ 4, 5 సరిహద్దు మీద పడుతుంది, ఏదొచ్చినా ఏమీ తెలియదు.

నిలువు కణం జెడ్ తప్పులను పట్టదు. దానికి వాలు కణం కావాలి. (35, −20, 400) నుంచి (−0.2, 0.1, −1) దిశలో పంపండి. దిశను యూనిట్ సదిశగా మీరు మార్చక్కర్లేదు, గన్ మార్చుకుంటుంది. పై మాడ్యూల్‌లో ఎక్స్ ప్లేట్ మధ్యతలం 156 దగ్గర ఉంది, కణం 244 మి.మీ. దిగేసరికి ఎక్స్ −13.8 అవుతుంది: స్ట్రిప్ 4. వై ప్లేట్ 144 దగ్గర వై 5.6: స్ట్రిప్ 5. కింది మాడ్యూల్‌లో ఎక్స్ −73.8: స్ట్రిప్ 1, వై 35.6: స్ట్రిప్ 6. పైన 4, 5, కింద 1, 6 రావాలి. పైన 1, 6, కింద 4, 5 వస్తే మాడ్యూళ్ల నంబర్లో జెడ్ గుర్తో తారుమారైంది.

కింది మాడ్యూల్‌ను కేబుళ్ల కోసం బోర్లా పెట్టాల్సి వస్తే, అంటే ఎక్స్ చుట్టూ 180° తిప్పితే, జెడ్‌తో పాటు వై కూడా తిరగబడుతుందని గుర్తుంచుకోండి. అప్పుడు అందులో ఎక్స్ ప్లేట్ కిందికి, −156కు, పోతుంది. వై ప్లేట్ స్ట్రిప్‌ల వరస ఎదురుతిరుగుతుంది. పై లెక్క కొత్తగా వేయాలి.

ఓవర్‌ల్యాప్ పరీక్ష కూడా చేయండి, ప్లేస్‌మెంట్‌లో చివరి ఆర్గ్యుమెంట్ ట్రూ ఇస్తే చాలు. మామూలుగా అది ఉపరితలం మీద 1000 బిందువులే చూస్తుంది, సన్నని పలకలకు ఆ సంఖ్య పెంచండి. ఇది ఘనాలు గుద్దుకోవడాన్నే పడుతుంది, దిక్కు తప్పును పట్టదు.

6. ఫై కోణం, ప్రతిబింబం

స్థూపాకార డిటెక్టర్ కడుతుంటే ఫై (జెడ్ చుట్టూ తిరిగే కోణం) హద్దులు చూసుకోండి. ఏటాన్2 ఫంక్షన్ −180° నుంచి +180° వరకు ఇస్తుంది; సెక్టార్ నంబర్లు మాత్రం 0 నుంచి 360° అనుకుని వేస్తాం. 10° చొప్పున 36 సెక్టార్లున్నాయనుకోండి. ఫై −5° అయితే 10తో భాగించి పూర్ణాంకం చేస్తే −0.5 కాస్తా 0 అవుతుంది. సెక్టార్ 35కు పోవాల్సిన హిట్లన్నీ సెక్టార్ 0లో పడతాయి, అక్కడ రెండింతల హిట్లు కనిపిస్తాయి. సెక్టార్ 0లో మాత్రమే శిఖరం ఉంటే కారణం ఇదే. రుణ కోణానికి ముందు 360° కలపండి. ఫై దిశలో రెప్లికా వాడితే ఎక్స్ అక్షం ప్రతి ముక్కను నడిమికి చీలుస్తుంది, కాబట్టి లోపలి ఘనం కోణం సున్నా నుంచి కాదు, −సగం నుంచి మొదలవ్వాలి.

ఎండ్‌క్యాప్‌ల దగ్గర, +జెడ్ వైపుదాన్ని వై చుట్టూ 180° తిప్పి −జెడ్ వైపు పెడితే ఎక్స్ కూడా తిరగబడుతుంది. అది నిజమైన యంత్రంలో ఎలా బిగించారో అలాగే ఉందా అన్నది డ్రాయింగ్ చూసి తేల్చాలి. అసలైన అద్దపు ప్రతిబింబమే కావాలంటే భ్రమణ మాత్రికతో రాదు, దాని నిర్ధారకం ఎప్పుడూ +1. అందుకు జీ4రిఫ్లెక్షన్‌ఫ్యాక్టరీ ఉంది.

7. అయస్కాంత క్షేత్రం ఉంటే

జియాంట్4 లోపలి లెక్కలో 1 టెస్లా అంటే 0.001. యూనిట్ లేకుండా 1.0 అని రాస్తే 1000 టెస్లాలు పెట్టినట్టు, కణాలు పుట్టిన చోటే సుడి తిరుగుతాయి. పాత ఫీల్డ్ మ్యాప్‌లు గాస్‌లలో, సెం.మీ.లలో ఉండొచ్చు, 1 టెస్లాకు 10,000 గాస్‌లు.

గుర్తు చూడటానికి వరల్డ్‌ను వాక్యూమ్ చేసి, జెడ్ దిశలో 1 టెస్లా పెట్టి, ధన మ్యుయాన్‌ను మూలబిందువు నుంచి +ఎక్స్ దిశలో 1 జీఈవీ ద్రవ్యవేగంతో పంపండి. బలం −వై వైపు. వక్రత వ్యాసార్థం 3.34 మీ., కాబట్టి 1 మీ. ముందుకెళ్లేసరికి వై −153 మి.మీ. దగ్గర ఉండాలి. +153 వస్తే క్షేత్రం గుర్తో, అక్షాల కుడిచేతి వరసో తప్పింది. −139 వస్తే క్షేత్రంలో తప్పేం లేదు: గన్‌కు మీరిచ్చింది గతిజ శక్తి. 1 జీఈవీ గతిజ శక్తి ఉన్న మ్యుయాన్ ద్రవ్యవేగం 1.10 జీఈవీ.

8. కణాలు వచ్చే దిక్కు

కోర్సికా ఫైల్ చదివేటప్పుడు మూడు సంగతులు కలిసి వస్తాయి. ఒకటి అక్షాలు: మన తూర్పు = −(కోర్సికా వై), మన ఉత్తరం = కోర్సికా ఎక్స్. స్థానాలకూ ద్రవ్యవేగానికీ రెంటికీ ఇదే మార్పిడి. రెండోది, స్థానాలు సెం.మీ.లలో ఉంటాయి. మూడోది అందరూ జారిపడే చోటు: ఆ ఫైల్‌లో ద్రవ్యవేగం జెడ్ భాగం కిందికి ధనం. మనకు జెడ్ పైకి కాబట్టి గుర్తు మార్చాలి, మార్చకపోతే మ్యుయాన్లు నేల నుంచి ఆకాశానికి ఎగురుతాయి. అజిముత్ కోణం కూడా కణం పోయే దిక్కుది, వచ్చే దిక్కుది కాదు. అక్కడ 0° అంటే దక్షిణం నుంచి వచ్చి ఉత్తరానికి పోతున్న జల్లు.

పైకప్పు మీద టెలిస్కోప్‌ను నిలబెట్టేటప్పుడు ఫోన్‌లోని దిక్సూచిని నమ్మొద్దు, స్లాబ్‌లోని ఇనుప కడ్డీలు దాన్ని తప్పిస్తాయి. ఉపగ్రహ పటంలో బిల్డింగ్ గోడ ఉత్తరంతో ఎంత కోణం చేస్తుందో కొలిచి, టెలిస్కోప్‌ను ఆ గోడకు సమాంతరంగా పెట్టి, ఆ కోణాన్ని కోడ్‌లో ఒకే చోట రాయండి. స్ట్రిప్ 9 ఉన్న కొసన పెట్టె మీద మార్కర్‌తో "తూర్పు", "ఉత్తరం" అని రాసి పెట్టండి.

డేటా వచ్చాక ఇంకో తనిఖీ దొరుకుతుంది. ప్రాథమిక కాస్మిక్ కిరణాల్లో ధన కణాలే ఎక్కువ కాబట్టి, భూ అయస్కాంత క్షేత్రం వల్ల పడమర నుంచి వచ్చే మ్యుయాన్లు తూర్పు నుంచి వచ్చేవాటికంటే ఎక్కువగా ఉంటాయి. భూమధ్యరేఖకు మరీ దూరం కాని మన అక్షాంశాల్లో ఈ తేడా కనిపిస్తుంది. టెలిస్కోప్‌ను పడమరకు వాల్చి కొంతకాలం, అంతే కోణంలో తూర్పుకు వాల్చి అంతే కాలం లెక్కించి పోల్చండి. స్ట్రిప్ నంబర్లతో కట్టిన దిశల్లో తూర్పు ఎక్కువ వస్తే ఎక్స్ స్ట్రిప్‌ల మ్యాపింగ్ తిరగబడిందేమో మొదట చూడండి. రెండు వాలుల్లో ఒక పక్క మాత్రమే గోడో నీళ్ల ట్యాంకో అడ్డు రాకుండా చూసుకోవాలి, లేకపోతే ఆ నీడే దిక్కు తేడాలా కనిపిస్తుంది.

9. ఫైల్ మారిన ప్రతిసారీ

జామెట్రీని జీడీఎంఎల్‌గా ఎగుమతి చేసినా, రూట్‌లోకి తెచ్చినా, వెర్షన్ మార్చినా పై పరీక్షలన్నీ చేత్తో మళ్లీ చేయనక్కర్లేదు. నాలుగు ప్లేట్లకు ఒక్కోదానికి సొంత నిరూపకాల్లో (0, 0, 0), (90, 0, 0), (0, 80, 0), (0, 0, 4) బిందువులు తీసుకోండి. వాటి ప్రపంచ నిరూపకాలు కాగితం లెక్క నుంచి ఒక చిన్న ఫైల్‌లో పెట్టండి. ప్రోగ్రామ్ మొదలైనప్పుడు ఈ 16 బిందువులనూ మార్చి, 0.001 మి.మీ. కంటే ఎక్కువ తేడా ఉంటే ఆగిపోయేలా రాయండి. నాలుగు బిందువులు ఎందుకంటే మూలబిందువు స్థానాన్ని చెబుతుంది, మిగతా మూడూ మూడు అక్షాలను చెబుతాయి. మూడు అక్షాలూ ఉంటేనే ప్రతిబింబం కూడా దొరుకుతుంది. ప్రతి ప్లేట్ బరువునూ, స్ట్రిప్ కాపీ నంబర్లనూ అదే ఫైల్‌లో చేర్చండి. రూట్‌లో చదివేటప్పుడు సెం.మీ. నుంచి మి.మీ.కు మార్చాకే పోల్చాలి. జీడీఎంఎల్ నుంచి తిరిగి చదివినప్పుడు బూలియన్ సాలిడ్ల లోపలి భ్రమణాలను విడిగా ఒక బిందువుతో చూడండి, ప్లేస్‌మెంట్ భ్రమణాలు సరిపోయినంత మాత్రాన అవీ సరిపోయినట్టు కాదు.